లోహ కాంప్లెక్సులు, డీఎన్‌ఏ, సూక్ష్మజీవులు: ఎమ్మెస్సీ ప్రాజెక్టు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ప్రాజెక్టులు మొదలయ్యాయంటే షిఫ్ బేస్ కాంప్లెక్సుల (అమీన్, ఆల్డిహైడ్ కలిసి ఏర్పడే అణువు లోహాన్ని పట్టుకున్న పదార్థాల) వైపు మొగ్గేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. కెమికల్స్ అందుబాటు ధరలో దొరుకుతాయి, తయారీ ఒక రిఫ్లక్స్‌తో (ఆవిరి తిరిగి పడేలా మరిగించడంతో) అయిపోతుంది. డీఎన్‌ఏ, బ్యాక్టీరియా అన్న మాటలతో టైటిల్‌కి బరువొస్తుంది. సందేహాలు వచ్చేది ఆ తర్వాతే. ఏటా అవే వస్తున్నాయి కాబట్టి దశలవారీగా ఇక్కడ పెట్టాను. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పాలి: డీఎన్‌ఏకి అతుక్కోవడం వేరు, సూక్ష్మజీవిని చంపడం వేరు. ఆ రెండింటికీ విడివిడిగా ఆధారం చూపించాలి.

## టాపిక్ ఖాయం చేసుకునే ముందు

లోహాలు విషం కదా సార్, మందుగా ఎలా పనికొస్తాయి?

విషమా, మందా అన్నది మోతాదును బట్టి, ఆ లోహం ఏ రూపంలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. 1910లో సిఫిలిస్‌కి వచ్చిన సాల్వర్సాన్‌లో ఉన్నది ఆర్సెనిక్. కాలిన గాయాలకి ఈనాటికీ రాసే క్రీములో సిల్వర్ సల్ఫాడయాజిన్ ఉంటుంది. కడుపులో పుండు కలిగించే హెలికోబాక్టర్ మీద బిస్మత్ లవణాలు వాడతారు.

అన్నిటికన్నా పేరుపడ్డది సిస్‌ప్లాటిన్. దాన్ని మిషెల్ పెయ్‌రోన్ 19వ శతాబ్దం మధ్యలోనే తయారుచేశాడు, కానీ అది కణ విభజనను ఆపుతుందని 1965 దాకా ఎవరికీ తెలియలేదు. బార్నెట్ రోజెన్‌బర్గ్ ఈ-కోలై ద్రావణంలో ప్లాటినం ఎలక్ట్రోడ్లు పెట్టి విద్యుత్ ప్రభావం చూస్తుంటే, బ్యాక్టీరియా విడిపోకుండా దారాల్లా సాగిపోయాయి. కారణం కరెంటు కాదు, ఎలక్ట్రోడ్ల నుంచి పుట్టిన, డీఎన్‌ఏకి అతుక్కునే ప్లాటినం కాంప్లెక్సులని తర్వాత తేలింది. 1978లో సిస్‌ప్లాటిన్ అమెరికాలో క్యాన్సర్ మందుగా అనుమతి పొందింది. అంటే మీ ప్రాజెక్టులోని రెండు సగాలూ, డీఎన్‌ఏ, బ్యాక్టీరియా, ఆ ఒక్క ప్రయోగంలోనే కలిసి ఉన్నాయి.

ఇప్పటి లెక్క కూడా ఆశ పుట్టించేదే. ఆస్ట్రేలియా కేంద్రంగా నడిచే ఒక ఉచిత స్క్రీనింగ్ కార్యక్రమం 906 లోహ సమ్మేళనాలను పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించింది. సూక్ష్మజీవుల మీద పనిచేస్తూ మనిషి కణాలకి హాని చెయ్యనివి వాటిలో 9.9 శాతం. కేవలం సేంద్రియ అణువుల్లో అలాంటివి 0.87 శాతమే.

రాగి చెంబులో నీళ్లు మంచివంటారు, మన బుడితి ఇత్తడి బిందె కూడా అంతేనా? అలాగైతే కాంప్లెక్స్ దేనికి?

రాగి, ఇత్తడి ఉపరితలాల మీద బ్యాక్టీరియా చావడం నిజమే. అతి తక్కువ లోహ అయాన్లతో ఇలా జరగడాన్ని నేగెలీ వర్ణించిన రాత 1893లో అచ్చయింది. ఇత్తడిలో రాగి, జింక్ ఉంటాయి. కంచులో రాగి, తగరం. కాబట్టి బుడితి బిందె నుంచి నీళ్లలోకి కొద్దిగా రాగి దిగుతుంది. తాగునీటిలో రాగి లీటరుకి 2 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. చింతపండు నీళ్లు, మజ్జిగ లాంటి పుల్లటివి అందులో నిలవ ఉంచితే ఆ హద్దు దాటిపోవచ్చు. కళాయి పూయించుకునేది అందుకే.

బిందె నుంచి దిగే అయాన్ ఏ ప్రోటీన్ దొరికితే దానికి అతుక్కుంటుంది. అదే అయాన్ చుట్టూ మనం ఎంచుకున్న లైగాండ్ (లోహాన్ని పట్టుకునే అణువు) కడితే అది ఎక్కడికి వెళ్లాలి, కొవ్వు పొరను దాటగలదా, డీఎన్‌ఏ జతల మధ్య పట్టే చదునైన ఆకారం ఉందా అన్నవి మన చేతిలోకి వస్తాయి. మీ పరీక్షల్లో ఒట్టి లోహ లవణాన్ని కూడా పెట్టమనేది ఈ తేడా చూడ్డానికే.

పలాస జీడి తొక్క నూనెతో ప్రాజెక్టు చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు, నాకు చాలా ఇష్టమైన ఆలోచన కూడా. జీడి తొక్కలోని సహజ నూనెలో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆమ్లం. చూడ్డానికి అది సాలిసిలిక్ ఆమ్లమే, పక్కన 15 కార్బన్ల తోక ఉంటుంది, అంతే. కార్బాక్సిల్, ఫినాల్ పక్కపక్కనే ఉండటంతో లోహాన్ని రెండు వైపుల నుంచీ పట్టుకోగలదు. స్టెఫైలోకోకస్ లాంటి గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా మీద దానికి సొంతంగానే ప్రభావం ఉంది.

ఇక్కడే జాగ్రత్త కావాలి. మీరు తెచ్చుకున్న నూనె పిక్కలు వేపిన యూనిట్‌దైతే, ఆ వేడికి అనకార్డిక్ ఆమ్లం కార్బన్ డయాక్సైడ్‌ను పోగొట్టుకుని కార్డనాల్‌గా మారిపోయి ఉంటుంది. కార్డనాల్‌కి కార్బాక్సిల్ లేదు. లోహాన్ని పట్టాలంటే ముందు దానికి ఆల్డిహైడ్ తగిలించి, ఆపైన అమీన్‌తో షిఫ్ బేస్ చెయ్యాలి. అంటే ఒక అడుగు ఎక్కువ. ఏ నూనె తెచ్చారో రికార్డులో మొదటి రోజే రాయండి.

జీడి ఒలిచే ఆడవాళ్ల వేళ్లు చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. నల్లగా మాడి, తోలు ఊడి ఉంటాయి. ల్యాబ్‌లోనూ అదే నూనె. గ్లవ్స్ లేకుండా సీసా మూత కూడా తియ్యొద్దు.

ఏ లోహం తీసుకోవాలి? అందరూ రాగే ఎందుకు చేస్తారు?

రాగి కాంప్లెక్సులు స్థిరంగా ఉంటాయి, తేలిగ్గా తయారవుతాయి, రెండు ఆక్సీకరణ స్థితుల మధ్య తిరుగుతూ రసాయనికంగా చురుగ్గా ఉంటాయి. జింక్‌కి ఇంకో లాభం ఉంది: అది డయామాగ్నెటిక్ (ఒంటరి ఎలక్ట్రాన్ లేనిది) కాబట్టి ఎన్‌ఎమ్‌ఆర్ తీయించి నిర్మాణం గట్టిగా చెప్పొచ్చు. ఒకే లైగాండ్‌తో రాగి, జింక్ రెండూ చేస్తే పోల్చడానికి మంచి జత దొరుకుతుంది. పాదరసం, కాడ్మియం మాత్రం వద్దు. అవి బ్యాక్టీరియాను చంపితే అందులో కొత్త సంగతేమీ లేదు, పారబొయ్యడానికి చోటూ లేదు.

## తయారీ, నిర్ధారణ

లైగాండ్ వచ్చిందని ఎలా తెలుస్తుంది? పసుపు రంగు వస్తే చాలా?

చాలదు. షిఫ్ బేస్ అంటే అమీన్, ఆల్డిహైడ్ కలిసి ఒక నీటి అణువు పోగొట్టుకుని ఏర్పడే పదార్థం. హ్యూగో షిఫ్ 1864లో చెప్పిన చర్య ఇది. అందరూ చేసే సాలెన్‌నే తీసుకోండి. రెండు మోల్‌ల సాలిసిలాల్డిహైడ్‌కి ఒక మోల్ ఇథిలీన్ డయమీన్. ఇథనాల్‌లో కలపగానే మెరిసే పసుపు రేకులు దిగుతాయి. అణుభారం 268.3. రంగు బాగుంది కదా అని ఆగిపోకండి. టీఎల్‌సీలో (పలుచటి పొర క్రోమటోగ్రఫీలో) ఒకే మచ్చ రావాలి, ద్రవీభవన స్థానం ఒకటి రెండు డిగ్రీల లోపే తేలాలి, ఐఆర్ (పరారుణ) స్పెక్ట్రంలో ఆల్డిహైడ్ పీక్ పోవాలి. ఇథనాల్‌తో ఇంకోసారి స్ఫటికీకరించండి. ఇక్కడ మిగిలిపోయిన సాలిసిలాల్డిహైడ్ తర్వాత బ్యాక్టీరియా ప్లేటు మీద తనే జోన్ (బ్యాక్టీరియా పెరగని వలయం) చూపిస్తుంది, ఆ ఘనత మీ లైగాండ్‌కి పోతుంది.

ఐఆర్‌లో ఏటి చూడాలి?

మూడు చోట్ల చూడండి. అజోమీథీన్ (కార్బన్-నైట్రోజన్ ద్విబంధం) బ్యాండ్ లైగాండ్‌లో 1600 నుంచి 1640 వేవ్‌నంబర్ల మధ్య ఉంటుంది. నైట్రోజన్ లోహానికి ఎలక్ట్రాన్లు ఇచ్చాక చాలా సందర్భాల్లో అది పది, పాతిక దాకా కిందికి జరుగుతుంది. ఫినాల్ లైగాండ్ అయితే వెడల్పాటి ఓహెచ్ బ్యాండ్ పోవాలి. 400 నుంచి 600 మధ్య లోహం-నైట్రోజన్, లోహం-ఆక్సిజన్ బంధాల చిన్న పీకులు కొత్తగా కనిపించాలి. మన తీరప్రాంతపు గాలిలో పొటాషియం బ్రోమైడ్ తేమ ఇట్టే పీల్చుకుంటుంది. ఆ తేమ 3400 దగ్గర చూపించే బ్యాండ్‌ను కాంప్లెక్స్‌లోని నీరు అని రాసేవాళ్లున్నారు. కాంప్లెక్స్‌లో నీరుందని అనాలంటే టీజీఏ (వేడిచేస్తూ బరువు తగ్గడం చూసే పరీక్ష) కావాలి.

రాగి కాంప్లెక్స్‌కి మాగ్నెటిక్ మూమెంట్ 1.4 వచ్చింది. తప్పు కొలిచామా?

కొలత తప్పని వెంటనే అనుకోవద్దు. ఒక్క ఒంటరి ఎలక్ట్రాన్‌కి స్పిన్ విలువ 1.73 బోర్ మాగ్నెటాన్లు, విడి రాగి కేంద్రం సాధారణంగా 1.8 నుంచి 2.0 చూపిస్తుంది. 1.4 అంటే రెండు రాగి కేంద్రాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని అర్థం. మీ కాంప్లెక్స్ నిజంగానే డైమర్ (రెండు అణువుల జంట) కావచ్చు. లేదా మీరు కాపర్ ఎసిటేట్‌తో మొదలుపెట్టి, అది మిగిలిపోయి ఉండొచ్చు. కాపర్ ఎసిటేట్ మోనోహైడ్రేట్ డైమర్ రూపంలోనే ఉంటుంది, గది ఉష్ణోగ్రత దగ్గర దాని విలువ కూడా సుమారు 1.4. వేడి ఇథనాల్‌తో బాగా కడిగి మళ్లీ కొలవండి.

పర్‌క్లోరేట్ లవణంతో చెయ్యమంటున్నారు, పర్లేదా?

అవసరం లేకపోతే వద్దు. సేంద్రియ లైగాండ్ ఉన్న పర్‌క్లోరేట్లు ఎండబెట్టినప్పుడు, గరిటెతో గీకినప్పుడు పేలతాయి. ఎసిటేట్, క్లోరైడ్, నైట్రేట్ దేనితోనైనా మీ పని జరుగుతుంది. అయాన్ బరువైనది కావాలంటే హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ వాడండి.

కాంప్లెక్స్ దేన్లోనూ కరగట్లేదు. డీఎంఎస్‌ఓలో కరిగింది, చాలా?

కరగడం ఒక్కటే చూస్తే చాలదు, కరిగాక అదే కాంప్లెక్స్‌గా ఉందా అన్నది చూడాలి. డీఎంఎస్‌ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్) కేవలం ద్రావణి కాదు, లోహాన్ని పట్టుకోగలదు కూడా. సిస్‌ప్లాటిన్‌ను అందులో కరిగిస్తే క్లోరైడ్ స్థానంలోకి డీఎంఎస్‌ఓ దూరి మందు గుణం పోతుంది. ఒక చిన్న పని చేయండి: కరిగించిన వెంటనే యూవీ స్పెక్ట్రం తియ్యండి, మర్నాడు అదే ద్రావణానికి ఇంకోసారి తియ్యండి. రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడితే ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. బఫర్‌లో కలిపాకా ఇదే చెయ్యండి. రాగిని ట్రిస్ బఫర్ కొంత పట్టుకుంటుంది, జింక్‌ను ఫాస్ఫేట్ బఫర్ అవక్షేపంగా దించేస్తుంది.

## డీఎన్‌ఏతో పని

ఇంటర్కలేషన్, గ్రూవ్ బైండింగ్, కోవలెంట్ బైండింగ్ అంటారు. వీటికి తేడా ఏటి?

ఇంటర్కలేషన్‌లో చదునైన వలయాలున్న అణువు డీఎన్‌ఏలో మెట్లలా ఉండే రెండు క్షార జతల (బేస్ పెయిర్ల) మధ్యకి దూరుతుంది, పేకదస్తాలో ఇంకో ముక్క దూర్చినట్టు. మామూలుగా జతకీ జతకీ మధ్య 3.4 ఆంగ్‌స్ట్రాంల దూరం ఉంటుంది, దూరిన చోట అది దాదాపు రెట్టింపవుతుంది. దానివల్ల డీఎన్‌ఏ పొడవు పెరుగుతుంది, మెలి కొంత విప్పుకుంటుంది. ఈ ఊహను 1961లో లియొనార్డ్ లెర్మన్ ప్రతిపాదించాడు.

గ్రూవ్ బైండింగ్‌లో అణువు మెట్ల మధ్యకి పోదు, మెలిక పక్కనున్న గాడిలో ఒదుగుతుంది. సన్నగా, వంపుగా ఉండే నెట్రాప్సిన్, హోక్స్ట్ రంగుల్లాంటివి అడెనిన్-థైమిన్ ఎక్కువున్న చోట చిన్న గాడిలో కూర్చుంటాయి. డీఎన్‌ఏ పొడవు పెద్దగా మారదు.

కోవలెంట్ అంటే లోహమే నేరుగా క్షారానికి బంధం కడుతుంది. సిస్‌ప్లాటిన్ రెండు క్లోరైడ్లు పోగొట్టుకుని పక్కపక్కనున్న రెండు గ్వానిన్ల ఎన్‌7 నైట్రోజన్లను పట్టుకుంటుంది, డీఎన్‌ఏ అక్కడ వంగిపోతుంది. ఇవి కాక ధనావేశం ఉన్న ఏ కాంప్లెక్సయినా ఫాస్ఫేట్ వెన్ను మీద విద్యుదాకర్షణతో వాలగలదు. మీ కాంప్లెక్స్ వీటిలో ఒకటే చేస్తుందని ఎక్కడా లేదు, రెండు మూడు కలిసే ఉండొచ్చు.

ఆవుదూడ నుంచి తీసిన డీఎన్‌ఏ వాడటం ఇష్టం లేదు. వేరేది వాడొచ్చా?

వాడొచ్చు. దూడ థైమస్ గ్రంథిలో డీఎన్‌ఏ బాగా ఎక్కువ. తీయడం తేలిక కాబట్టి అది వాడుకలో స్థిరపడింది, అంతకు మించి దానికి ప్రత్యేకత లేదు. సాల్మన్, హెర్రింగ్ చేపల శుక్రకణాల డీఎన్‌ఏ కూడా దొరుకుతుంది. పాత పేపర్ల విలువలతో పోల్చేటప్పుడు ఏ డీఎన్‌ఏ వాడారో రాస్తే సరిపోతుంది. మీ ఇష్టం గైడ్‌కి ఆర్డర్ పెట్టకముందే చెప్పండి.

డీఎన్‌ఏ ద్రావణం ఎలా కలపాలి, గాఢత ఎలా లెక్కకట్టాలి?

5 మిల్లీమోలార్ ట్రిస్, 50 మిల్లీమోలార్ ఉప్పు, పీహెచ్ 7.2 ఉన్న బఫర్‌లో దారాలను వేసి ఫ్రిజ్‌లో రాత్రంతా వదిలేయండి. గట్టిగా ఊపితే తెగిపోతాయి. మర్నాడు 260, 280 నానోమీటర్ల దగ్గర శోషణ చూడండి. నిష్పత్తి 1.8 నుంచి 1.9 ఉంటే ప్రోటీన్ కల్తీ లేనట్టే.

గాఢతకి 260 దగ్గరి శోషణను 6600తో భాగించాలి. ఉదాహరణకి, స్టాక్‌ను 20 రెట్లు పలచన చేస్తే శోషణ 0.33 వచ్చిందనుకోండి. 0.33ని 6600తో భాగిస్తే 50 మైక్రోమోలార్. 20తో గుణిస్తే స్టాక్ 1 మిల్లీమోలార్. ఈ 6600 అన్నది ఒక్కో న్యూక్లియోటైడ్‌కి. క్షార జతల లెక్కన చెప్పాలంటే 13200 వాడాలి, అప్పుడు బైండింగ్ స్థిరాంకం రెట్టింపుగా కనిపిస్తుంది. ఏ లెక్కో రాయని థీసిస్ విలువను ఎవరితోనూ పోల్చలేం.

ఎండాకాలం కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిపోయింది. డీఎన్‌ఏ పాడైపోయిందా?

కొన్ని గంటలకి ఏమీ కాదు. గది వేడికి డీఎన్‌ఏ విడిపోదు. భయమల్లా అందులో సూక్ష్మజీవులు పెరిగి ఎంజైములతో కోసెయ్యడం గురించే. శోషణ నిష్పత్తి మళ్లీ చూడండి, సీసా వెలుగులో పెట్టి మబ్బుగా ఉందేమో గమనించండి. ద్రావణం కలిపి నాలుగు రోజులు దాటితే మాత్రం ఎలాగూ కొత్తది కలుపుకోవడమే వాడుక.

డీఎన్‌ఏ కలిపేకొద్దీ శోషణ తగ్గుతుందన్నారు, మాకు పెరుగుతోంది. ఎందుకూ?

ముందు అనుమానించాల్సింది కొలతనే. డీఎన్‌ఏకి 260 దగ్గర సొంత శోషణ ఉంది. రిఫరెన్స్ కువెట్‌లో కూడా అంతే డీఎన్‌ఏ కలపకపోతే అది పెరుగుదలగా కనిపిస్తుంది. 300 నానోమీటర్ల పైనున్న బ్యాండ్ ఎంచుకుంటే ఈ బాధ తగ్గుతుంది. తర్వాత 600 నానోమీటర్ల దగ్గర చూడండి. అక్కడ ఏమీ శోషించని కాంప్లెక్స్‌కి బేస్‌లైన్ పైకి లేస్తోందంటే లోపల అవక్షేపం ఏర్పడి కాంతిని చెదరగొడుతోంది.

ఈ రెండూ లేకపోతే పెరుగుదల నిజమైనదే. శోషణ తగ్గడం, పీక్ ఎరుపు వైపు జరగడం రెండూ కలిసి వస్తే ఇంటర్కలేషన్‌కి సూచన. శోషణ పెరిగి పీక్ కదలకపోతే గాడిలోనో, వెన్ను మీదో బంధం అనడానికి అవకాశం ఎక్కువ. సూచన అంటున్నాను, రుజువు అనడం లేదు.

బైండింగ్ స్థిరాంకం ఎలా తీయాలి? ఎంత వస్తే మంచిది?

వోల్ఫ్-షిమర్ సమీకరణం వాడతారు. ప్రతి చోటా డీఎన్‌ఏ గాఢతను శోషణ గుణకంలో వచ్చిన మార్పుతో భాగించి, ఆ విలువను డీఎన్‌ఏ గాఢతకి ఎదురుగా గీస్తే సరళరేఖ వస్తుంది. వాలును అంతరఖండంతో భాగిస్తే అదే బైండింగ్ స్థిరాంకం. శోషణ తగ్గే కాంప్లెక్స్‌లో రెండూ రుణ విలువలుగా వస్తాయి, కంగారు పడకండి. భాగిస్తే ధనమే.

షిఫ్ బేస్ రాగి కాంప్లెక్సులకి సాధారణంగా 10⁴, 10⁵ స్థాయిలో వస్తుంది. ఇంటర్కలేషన్‌కి పేరుపడ్డ రంగు ఎథిడియం బ్రోమైడ్‌కి 10⁶ నుంచి 10⁷. డీపీపీజెడ్ అనే చదునైన లైగాండ్ ఉన్న రుథీనియం కాంప్లెక్సులు 10⁶ దాటతాయి. అవి డీఎన్‌ఏలో దూరినప్పుడే వెలుగుతాయని జాక్వెలిన్ బార్టన్ బృందం 1990లో చూపించింది. మీ అంతరఖండం సున్నాకి దగ్గరగా ఉంటే భాగహారం ఏ పెద్ద సంఖ్యనైనా ఇస్తుంది. అందుకే మూడు సార్లు చేసి, తేడాతో సహా రాయండి. మంచి విలువ, చెడ్డ విలువ అని ఏమీ లేదు.

ఎథిడియం బ్రోమైడ్ ఫ్లోరెసెన్స్ తగ్గింది. ఇంటర్కలేషన్ రుజువైనట్టేనా?

కాదు. ఎథిడియం డీఎన్‌ఏలో ఇమిడితే 600 నానోమీటర్ల దగ్గర బాగా వెలుగుతుంది, దాన్ని తోసేస్తే వెలుగు తగ్గుతుంది. ఇంతవరకు సరే. కానీ వెలుగు వేరే కారణాలతోనూ తగ్గుతుంది. రాగి అయాన్ పారామాగ్నెటిక్, రంగును బయటికి తోయకుండానే దాని వెలుగును ఆర్పగలదు. రంగు చిక్కగా ఉన్న కాంప్లెక్స్ తనే కాంతిని మింగేస్తుంది. గాడిలో కూర్చున్న అణువు కూడా డీఎన్‌ఏ ఆకారం మార్చి ఎథిడియాన్ని వదిలించగలదు. కాంప్లెక్స్ శోషణకి దిద్దుబాటు చేసి, పక్కన విస్కాసిటీ ఫలితం పెడితేనే వాదన నిలబడుతుంది. ఎథిడియం ఉత్పరివర్తనకారి. గ్లవ్స్ తప్పనిసరి, సింక్‌లో పొయ్యకూడదు.

విస్కాసిటీ పాతకాలపు పద్ధతి కదా, చెయ్యాలా?

మీ దగ్గరున్నవాటిలో ఇంటర్కలేషన్ గురించి గట్టిగా మాట్లాడేది ఇదే. ఓస్వాల్డ్ గాజు గొట్టం, స్థిరమైన వాటర్ బాత్, స్టాప్‌వాచ్ ఉంటే సరిపోతుంది. ఏ పరికరం కోసమూ విశాఖ బస్సెక్కక్కర్లేదు. డీఎన్‌ఏ పొడవు పెరిగితే ద్రావణం నెమ్మదిగా జారుతుంది. సాపేక్ష స్నిగ్ధత ఘనమూలాన్ని, కాంప్లెక్స్-డీఎన్‌ఏ నిష్పత్తికి ఎదురుగా గీయండి. గీత ఎథిడియం గీతలా పైకి పోతే ఇంటర్కలేషన్, అడ్డంగా ఉంటే గాడి బంధం, కిందికి దిగితే వంపు తెచ్చే బంధం. అర డిగ్రీ వేడి మారినా గీత చెడిపోతుంది కాబట్టి ఫ్యాన్ కింద బీకరులో పెట్టి చెయ్యకండి.

జెల్‌లో ప్లాస్మిడ్ తెగింది. ఎలా తెగిందో ఎలా చెప్పాలి?

పీబీఆర్322 లాంటి ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలోని ఉంగరంలాంటి డీఎన్‌ఏ) మెలితిరిగి ఉన్నప్పుడు జెల్‌లో వేగంగా పోతుంది. ఒక పోగు తెగితే వదులై వెనకబడుతుంది. రెండూ తెగితే గీతలా సాగి ఈ రెండింటి మధ్య నిలుస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితేనే తెగుతోందంటే ఆక్సీకరణ మార్గం అనుకోవచ్చు. రాగి ఫినాంత్రొలీన్ కాంప్లెక్స్ ఈ పని చేస్తుందని సిగ్మన్ 1979లోనే చూపించాడు. హైడ్రాక్సిల్ రాడికల్‌ను పట్టే మానిటాల్, సింగ్లెట్ ఆక్సిజన్‌ను పట్టే సోడియం ఎజైడ్ విడివిడిగా కలిపి ఏది ఆపుతుందో చూడండి. డీఎంఎస్‌ఓ కూడా హైడ్రాక్సిల్ రాడికల్‌ను మింగుతుంది. కాంప్లెక్స్‌ను అందులోనే కరిగించి వేస్తే మీ ఫలితం మొదట్నుంచీ అణిగిపోతుంది.

కంప్యూటర్‌లో డాకింగ్ చేసేశాం, ప్రయోగం లేకపోతే ఏం?

డాకింగ్ అంటే అణువు డీఎన్‌ఏలో ఎక్కడ ఇముడుతుందో కంప్యూటర్‌తో అంచనా కట్టడం. అందరూ దింపుకునే 1బీఎన్‌ఏ అనే డీఎన్‌ఏ నిర్మాణంలో క్షార జతల మధ్య ఖాళీ లేదు. డాకింగ్ ప్రోగ్రాం డీఎన్‌ఏను కదలనివ్వదు కాబట్టి మీ అణువు ఏదైనా గాడిలోనే కూర్చుంటుంది. అది ప్రోగ్రాం చెప్పిన జవాబు కాదు, మీరు ఇచ్చిన నిర్మాణం చెప్పిన జవాబు. ఇంటర్కలేటర్‌తో కలిపి స్ఫటికీకరించిన నిర్మాణం తీసుకుని, ఆ అణువును తొలగించి, రెండు చోట్లా చేసి పోల్చండి. అప్పుడు కూడా బొమ్మ ప్రయోగానికి తోడే, బదులు కాదు.

## సూక్ష్మజీవుల పరీక్షలు

కెమిస్ట్రీ ల్యాబ్‌లోనే బ్యాక్టీరియా పెంచొచ్చా?

వద్దు. స్టెఫైలోకోకస్, సూడోమోనాస్ రోగం తెచ్చేవే. మైక్రోబయాలజీ డిపార్ట్‌మెంట్‌తో కలిసి చెయ్యండి, వాళ్ల క్యాబినెట్, ఆటోక్లేవ్ వాడుకోండి, థీసిస్‌లో వాళ్ల పేరు వెయ్యండి. కల్చర్లు చండీగఢ్‌లోని ఎంటీసీసీ అనే కల్చర్ల భండారం నుంచి తెప్పించుకోవచ్చు. ఆసుపత్రి నుంచి ఎవరో తెచ్చిచ్చిన ఊరూపేరూ లేని కల్చర్‌తో చేస్తే ఆ ఫలితాన్ని ఇంకొకరు తిరిగి చెయ్యలేరు.

జోన్ పెద్దగా వచ్చిందంటే మందు బలమైనదనేనా?

అగార్ ప్లేటు మీద జోన్‌కి రెండు కారణాలుంటాయి: పదార్థం ఎంత బలంగా చంపుతోంది, అగార్‌లో ఎంత దూరం పాకింది. అగార్‌లో ఎక్కువ భాగం నీరే. కొవ్వును ఇష్టపడే, ఆవేశం లేని కాంప్లెక్స్ తనను పోసిన గుంట చుట్టూనే కూరుకుపోతుంది. చిన్న లోహ లవణం ఇట్టే పాకిపోతుంది. రెండో దాని జోన్ పెద్దదైనంత మాత్రాన అది బలమైనది కాదు. అగార్ మందం 4 మిల్లీమీటర్లు లేకపోతే జోన్లు ఇంకా మారిపోతాయి. 6 మిల్లీమీటర్ల గుంట వ్యాసాన్ని కూడా జోన్‌లో కలిపి 7 అని రాస్తే అంచున ఉన్నది అర మిల్లీమీటరే.

జోన్‌ను వడపోతగా వాడుకుని, పనిచేసినవాటికి బ్రాత్‌లో (బ్యాక్టీరియా పెరిగే ద్రవంలో) ఎంఐసీ తీయండి. సగం సగం పలచన చేస్తూ పెరుగుదల ఆగిన అతి తక్కువ గాఢత అది. రంగు కాంప్లెక్స్‌తో మబ్బు కనిపించకపోతే రెసాజురిన్ అనే రంగు కలపండి, బ్యాక్టీరియా బతికుంటే నీలం నుంచి గులాబీకి మారుతుంది. బ్యాక్టీరియా లేని గుంటలో మీ కాంప్లెక్సే ఆ రంగు మార్చడం లేదని ముందే చూసుకోండి.

కంట్రోల్స్ ఏవేవి పెట్టాలి? డీఎంఎస్‌ఓ ఒక్కటి చాలదా?

డీఎంఎస్‌ఓ, విడి లైగాండ్, విడి లోహ లవణం, ప్రామాణిక మందు. మూడోదాన్నే చాలామంది వదిలేస్తారు, నాకు బాధ కలిగించేది అదే. కాంప్లెక్స్ బ్రాత్‌లో విడిపోయి ఒట్టి రాగి పనిచేస్తోందేమో ఆ ఒక్క వరుసే చెబుతుంది.

పోల్చేటప్పుడు బరువులు కాదు, మోల్‌లు చూడండి. మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాముల సాలెన్ అంటే 373 మైక్రోమోలార్. అదే బరువు కాపర్ సాలెన్, అణుభారం 329.8 కాబట్టి, 303 మైక్రోమోలార్ మాత్రమే. జోన్ సమానంగా వచ్చినా తక్కువ అణువులతో పనిచేసింది కాంప్లెక్సే. ఇది రాయకపోతే మీ సొంత ఫలితానికి మీరే తక్కువ చేసుకున్నట్టు.

లైగాండ్ కన్నా కాంప్లెక్స్ బాగా పనిచేసింది. ట్వీడీ సిద్ధాంతం రాసేస్తే సరిపోతుందా?

ట్వీడీ 1964లో చెప్పిందేమంటే, లోహం తన ధనావేశాన్ని దాత పరమాణువులతో పంచుకోవడంతో దాని ధ్రువత తగ్గి, కాంప్లెక్స్ కొవ్వు పొరను తేలిగ్గా దాటుతుందని. ఎర్నెస్ట్ ఓవర్టన్ కణ పొరల గురించి చెప్పినదాన్నీ దీనికి జోడిస్తారు. ఆలోచన సరైనదే, కానీ మీ థీసిస్‌లో అది ఊహగానే ఉండిపోతుంది. ఆక్టనాల్-నీటి పంపకం (కాంప్లెక్స్ ఆక్టనాల్‌లోకి ఎంత, నీటిలోకి ఎంత పోతుందన్నది) కొలిస్తే అది మీ ఆధారమవుతుంది. ఒక సెపరేటింగ్ ఫన్నెల్, యూవీ పరికరం చాలు.

సిప్రోఫ్లాక్సాసిన్ కన్నా మా కాంప్లెక్స్ మెరుగని రాయొచ్చా?

ప్రామాణిక యాంటీబయాటిక్ డిస్క్‌లో సిప్రోఫ్లాక్సాసిన్ ఉండేది 5 మైక్రోగ్రాములు. మీ గుంటలో వేసింది ఎంతో చూసుకోండి. ప్రామాణిక ఈ-కోలై ఏటీసీసీ 25922 మీద దాని ఎంఐసీ మిల్లీలీటరుకి 0.004 నుంచి 0.016 మైక్రోగ్రాములు. మీది 64 వస్తే వేల రెట్ల తేడా ఉంది. మీ దగ్గర సిప్రో విలువ ఈ హద్దుల్లో రాకపోతే ముందు పరీక్ష పద్ధతిలోనే లోపం వెతకండి.

స్టెఫైలోకోకస్ చచ్చింది, ఈ-కోలైకి ఏమీ కాలేదు. ఎందుకని?

ఈ-కోలై లాంటి గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియాకి బయట ఇంకో పొర ఉంటుంది. లోపలికి పోవాలంటే సన్నటి ప్రోటీన్ దారుల గుండా పోవాలి, పెద్ద కాంప్లెక్సులు అందులో పట్టవు. పట్టినా పంపులు బయటికి తోసేస్తాయి.

## రాసేటప్పుడు, వైవాకి వెళ్లేటప్పుడు

డీఎన్‌ఏకి బాగా అతుక్కుంది, బ్యాక్టీరియా చచ్చింది. డీఎన్‌ఏను దెబ్బతీసే చంపిందని రాయొచ్చా?

రాయకూడదు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అడిగే ప్రశ్న ఇదే కాబట్టి వివరంగా చెబుతాను. మీరు చూసింది బఫర్‌లో తేలుతున్న శుద్ధమైన దూడ డీఎన్‌ఏని. కణంలో పరిస్థితి వేరు. కాంప్లెక్స్ ముందు గోడ, పొర దాటాలి. ఈ-కోలై లాంటివాటి లోపల మిల్లీమోలార్ స్థాయిలో గ్లూటాథయోన్ అనే గంధకం ఉన్న చిన్న అణువు కాచుకుని ఉంటుంది. అది రాగిని ఒక ఎలక్ట్రాన్ ఇచ్చి మార్చేస్తుంది, లైగాండ్ నుంచి లాక్కుంటుంది కూడా. ఇవన్నీ గడిస్తే గానీ డీఎన్‌ఏ దగ్గరికి చేరదు.

రాగి విషయంలో సాక్ష్యం ఇంకో దిక్కు చూపిస్తోంది. ఈ-కోలై లోపల రాగి ఎక్కువైనప్పుడు డీఎన్‌ఏకి అనుకున్నంత ఆక్సీకరణ నష్టం జరగడం లేదని జేమ్స్ ఇమ్లే ప్రయోగశాల 2007లో చూపించింది. 2009లో అసలు దెబ్బ ఎంజైముల్లోని ఇనుము-గంధకం గుచ్ఛాలకి తగులుతోందని తేల్చింది. అమైనో ఆమ్లాల తయారీ ఆగిపోతుంది. అంటే రాగి బ్యాక్టీరియాను చంపడానికి డీఎన్‌ఏను ముట్టుకోనక్కర్లేదు.

కాబట్టి రెండు వాక్యాలుగా రాయండి: ‘కాంప్లెక్స్ దూడ థైమస్ డీఎన్‌ఏతో ఇంత స్థిరాంకంతో బంధిస్తుంది. స్టెఫైలోకోకస్ మీద దాని ఎంఐసీ ఇంత.’ మధ్యలో ‘అందువల్ల’ పెట్టొద్దు. సంబంధం చూపించాలనుకుంటే ఒకే లైగాండ్ కుటుంబంలో కొన్ని కాంప్లెక్సులు చేసి బంధం బలం, ఎంఐసీ కలిసి మారుతున్నాయేమో చూడండి. లేదా మైక్రోస్కోప్ కింద కణాలు దారాల్లా సాగుతున్నాయేమో చూడండి. రోజెన్‌బర్గ్‌కి దారి చూపింది ఆ దారాలే.

మావాళ్లకి పుండ్లున్నాయి, ఈ పొడి రాస్తే తగ్గుతుందా?

రాయకండి, ఇవ్వకండి, అడిగినా ఇవ్వకండి. ప్లేటు మీద స్టెఫైలోకోకస్‌ను చంపినది మనిషి కణాలను కూడా చంపొచ్చు, మీరు అది పరీక్షించలేదు. అనుమతి పొందిన సిస్‌ప్లాటిన్ సైతం కిడ్నీలను దెబ్బతీస్తుంది, అందుకే ముందూ వెనకా సెలైన్ ఎక్కిస్తారు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఎన్ని ఇళ్లలో డయాలసిస్ మాట వినిపిస్తుందో మీకు తెలుసు. కవిటి, సోంపేట వైపు నుంచి వచ్చే పిల్లలు ఇంట్లోనే చూసి వస్తున్నారు. అక్కడ పరీక్షించని లోహపు పొడి ఏదీ ఒంటికి తగలకూడదు. పుండుకి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఏ బ్యాక్టీరియా మీదా పనిచెయ్యలేదు. ప్రాజెక్టు పోయినట్టేనా?

పోలేదు. ముందు కాంప్లెక్స్ బ్రాత్‌లో కరిగే ఉందా, అడుగున దిగిపోయిందా చూడండి. అడుగున పొడి కనిపిస్తే మీరు పరీక్షించింది రాసిన గాఢతను కాదు, కరిగినంతే. కరిగే ఉంటే ఫలితం ఫలితమే. టేబుల్‌లో గీత పెట్టి వదిలేయకుండా ‘మిల్లీలీటరుకి 512 మైక్రోగ్రాముల వరకు నిరోధం లేదు’ అని పూర్తిగా రాయండి. ఏ కల్చర్, ఎంత ఇనాక్యులం (వేసిన బ్యాక్టీరియా మోతాదు), డీఎంఎస్‌ఓ శాతం ఎంత, సిప్రో విలువ ఎంత వచ్చింది, అన్నీ పక్కనే ఇవ్వండి. వచ్చే ఏడాది అదే లైగాండ్ తీసుకోబోయే జూనియర్ ముందుగా తిరగేసేది ఆ టేబులే.